గాజుతొట్టిలో చేపలు ఏల చచ్చును?

గాజుతొట్టిలో నీరు పోసి, ఇసుక పరచి, చిన్నచిన్న చేపలను వదలి చూచి ఆనందించుట నేడు పట్టణములలో పెక్కు ఇండ్ల యందు కనబడుచున్నది. కాని ఈ వేడుక తరచు రెండు మూడు వారములలోనే ముగియుచుండును. మొదటి దినములలో చేపలు హుషారుగా తిరుగును. తరువాత ఒకటి నీటి పైభాగమునకు చేరి నోరు తెరచుచు మూయుచు ఉండును. మరునాడు అది చచ్చి తేలును. దాని వెనుక మరియొకటి. నీరు చూడగా అద్దమువలె తేటగా ఉన్నది. మేత వేళకు వేయుచునే ఉన్నాము. మరి కారణమేమి? ఇంటివారు దుకాణదారుని నిందించి, తొట్టిని సబ్బుతో తోమి కడిగి, మరల కొత్త చేపలను తెత్తురు. అవియు అట్లే పోవును.

ఇందు చేపల దోషము లేదు. కొత్త తొట్టిలో కొరవడినది నీరు కాదు, మేత కాదు. కంటికి కనబడని పనివారు. వారు లేనిదే తేటనీరు కూడ విషమగును.

తేటనీటిలో విషము

చేప తిను మేతలోని మాంసకృత్తులలో నత్రజని కలదు. శరీరమునకు అక్కరలేని నత్రజనిని మనము యూరియా రూపమున మూత్రములో విసర్జింతుము. చేపలు దానిని ముఖ్యముగా అమ్మోనియా రూపమున మొప్పల ద్వారా నీటిలోనికి వదలును. తినక మిగిలిన మేతయు, రాలిన ఆకులును కుళ్లినపుడు కూడ అమ్మోనియాయే పుట్టును. దీనికి రంగు లేదు గనుక నీటిని చూచి కనుగొనలేము.

నీటి క్షారగుణము పెరిగినకొలది అమ్మోనియా మరింత ప్రమాదకరమగును. 25 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, పి.హెచ్. 7 గల నీటిలో మొత్తము అమ్మోనియాలో విషరూపమున ఉండునది నూటికి ఒక వంతు కంటె తక్కువ. పి.హెచ్. 8 అయినచో అది నూటికి ఐదు వంతులు దాటును.

చెరువులో ఈ విషము పేరుకొనకుండ కాపాడు సూక్ష్మజీవులు కలవు. నైట్రోసోమోనాస్ వంటివి అమ్మోనియాను నైట్రైటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. అది రక్తములోని హీమోగ్లోబినును మార్చివేయుటచే రక్తము గోధుమరంగు దాల్చి ప్రాణవాయువును మోయలేకపోవును. నీటిలో ప్రాణవాయువు ఉన్నను చేప ఊపిరాడక పైకి తేలుటకు ఇది యొక కారణము. తరువాత నైట్రోస్పైరా వంటి సూక్ష్మజీవులు నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు చాలవరకు నిరపాయము. పైగా మొక్కలకు ఎరువు.

ఇట్టి సూక్ష్మజీవులను వేరుచేసి చూపిన ఘనత వినోగ్రాడ్‌స్కీ అను శాస్త్రజ్ఞునిది. అది 1890 నాటి మాట. ఈ రెండు పనులకు రెండు వేరు జాతులు కావలెనని ఆ తరువాత శతాబ్దమునకు పైగా తలచిరి. నైట్రోస్పైరాలో కొన్ని రెండు పనులను తామే చేయగలవని 2015లో తేలినది. దానిని కనుగొన్న రెండు బృందములలో ఒకదానికి అవి చేపల పెంపకపు నీటిని శుభ్రపరచు వడపోత సాధనములోనే దొరకినవి!

పాలకు తోడువలె

ఈ సూక్ష్మజీవులు ఎక్కువగా ఇసుకను, రాళ్లను, స్పాంజిని అంటిపెట్టుకొని జీవించును. వీటి వృద్ధి నెమ్మది. కుళ్లబెట్టు బాక్టీరియా కొన్ని అరగంటలోపుననే రెట్టింపగును. వీటికి ఒక దినమో, అంతకంటె ఎక్కువయో పట్టును. అందుచే కొత్త తొట్టి సిద్ధమగుటకు సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు కావలెను.

45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు గల తొట్టిని తీసికొందము. అడుగున 4 సెంటీమీటర్ల మందమున కడిగిన ఇసుక పరచి, పైన 4 సెంటీమీటర్లు వదలినచో సుమారు 30 లీటర్ల నీరు పట్టును. ఆ నీటి బరువే 30 కిలోగ్రాములు గనుక గట్టి బల్లపై, నేరుగా ఎండ పడనిచోట ఉంచవలెను. కుళాయి నీటిలోని క్లోరిను చేపలకును, మనకు కావలసిన సూక్ష్మజీవులకును హానికరము. బకెట్టులో మూత లేకుండ ఒక దినము నిలువ ఉంచినచో అది చాలవరకు పోవును. వాలిస్నేరియా, హైడ్రిల్లా వంటి నీటిమొక్కలను నాటవలెను. గాలిపంపునకు తగిలించిన స్పాంజి వడపోతను అమర్చి రాత్రింబవళ్లు నడుపవలెను. ఈ స్పాంజియే మన పనివారి ప్రధాన నివాసము.

ఇప్పుడు చేపలను తేరాదు. దినమునకొక చిటికెడు మేతను మాత్రము నీటిలో వేయవలెను. అది కుళ్లి అమ్మోనియా పుట్టును. సూక్ష్మజీవులకు అదియే ఆహారము. చేపల దుకాణములలో దొరకు పరీక్షా ద్రవములతో వారమునకు రెండుసార్లు నీటిని పరీక్షించినచో మొదట అమ్మోనియా పెరుగుట, పిదప అది తగ్గి నైట్రైటు పెరుగుట, కడపట నైట్రైటు కూడ తగ్గుట కనబడును. మేత వేయుచున్నను రెండును కానరాని దినమున తొట్టి సిద్ధమైనట్లు. ఆరోగ్యముగా నడచుచున్న పాత తొట్టిలోని స్పాంజి ముక్క దొరకినచో, పాలకు తోడు వేసినట్లు, ఈ పని త్వరగా జరుగును.

ఎవరిని పెంచవలెను?

మన ఉపఖండపు ఏళ్లలో పుట్టిన జీబ్రాచేప ఇట్టి తొట్టికి తగినది. దీనిని 1822లో హామిల్టన్ శాస్త్రీయముగా వర్ణించెను. సాధారణముగా నాలుగు సెంటీమీటర్లకు మించని ఈ చేప నేడు ప్రపంచమందలి ప్రయోగశాలలలో పరిశోధనకు వాడబడుచున్నది. ఇది గుంపుగా తిరుగును గనుక ఆరింటిని పెంచవచ్చును. కాని ఒకేసారి కాక, మొదట మూడింటిని, రెండు వారముల తరువాత మిగిలినవానిని వదలవలెను. ఎగిరి దూకు స్వభావము కలది గనుక తొట్టికి మూత అవసరము.

చేపలకు బదులు తైవాను, చైనా ప్రాంతపు చిన్న ఎర్రరొయ్యలను పదింటిని పెంచవచ్చును. ఇవి నాచును, మిగిలిన మేతను ఏరుకొని తినును. పెరుగుటకై ఇవి పెంకును విడుచును. విడిచిన పెంకును తీసివేయ నక్కరలేదు, వానిని అవియే తినును. రొయ్య రక్తములో ప్రాణవాయువును మోయు పదార్థమునందు రాగి కలదు. అయినను నీటిలో కరగిన రాగి వానికి విషము. కావున రాగిబిందెలో నిలువ ఉంచిన నీటిని, రాగి కలిసిన చేపల మందులను వాడరాదు.

కడుగుటలో మెలకువ

వారమునకొకసారి ఆరు లీటర్ల నీటిని తీసి, నిలువ నీటిని పోసిన చాలును. స్పాంజిని కుళాయిక్రింద పట్టి కడుగరాదు. తొట్టినుండి తీసిన నీటిలోనే పిండవలెను. తొట్టినంతయు ఖాళీచేసి తోముట యనగా నెలదినములు పెరిగిన పనివారిని ఒక్క పూటలో వెడలగొట్టుటయే. మేత రెండు నిమిషములలో తిని ముగించునంతయే వేయవలెను. నీరు వేడెక్కినకొలది ప్రాణవాయువు తక్కువగా కరగును: 20 డిగ్రీల వద్ద లీటరులో సుమారు 9 మిల్లీగ్రాములు పట్టగా 35 డిగ్రీల వద్ద 7 మాత్రమే. కనుక వేసవిలో మేత తగ్గించి, గాలిపంపు ఆగకుండ చూడవలెను.

భీమవరము ప్రాంతపు చేపల, రొయ్యల చెరువుల రైతులు అమ్మోనియాను పరీక్షింపించుటకు గల కారణమును ఇదియే. ఎకరముల చెరువైనను, బల్లమీది తొట్టియైనను ధర్మ మొక్కటే. మొదట సూక్ష్మజీవులను పెంచవలెను. ఆ తరువాతనే చేపలను.