టెంటు సంచి విప్పే ముందు: బార్‌నవాపారా అడవి మీద అపోహలు, వాస్తవాలు

డిసెంబరు వచ్చిందంటే రాయ్‌పూర్‌లో ఉంటున్న తెలుగువాళ్ళ ఇళ్ళకు చుట్టాల తాకిడి మొదలవుతుంది. బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ మీదుగా రైల్లో వచ్చి, స్నానం చేసి, టిఫిన్ ముందు కూర్చోగానే అడుగుతారు: "బావా, ఇక్కడ అడవిలో టెంటు వేసుకుని పడుకోవచ్చట కదా?" మా బావమరిది ఆన్‌లైన్‌లో కొన్న టెంటుతో సహా దిగాడు. అడవి గురించి అతను వెంట తెచ్చుకున్న నమ్మకాలు ఆ సంచి కంటే బరువైనవి. వాటిని ఒక్కొక్కటీ దించడానికి నాకు రెండు రోజులు పట్టింది.

అపోహ: అడవి ప్రభుత్వానిది, అంటే అందరిదీ. నచ్చినచోట టెంటు వేసుకోవచ్చు.

వేసుకోకూడదు. రాయ్‌పూర్ నుంచి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న బార్‌నవాపారా 1976లో అభయారణ్యమైంది. విస్తీర్ణం దాదాపు 245 చదరపు కిలోమీటర్లు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలోకి వెళ్ళాలంటే అనుమతి కావాలి, రాత్రి ఉండాలంటే అనుమతి ఉన్న బసలోనే ఉండాలి. మొహదా దగ్గర పర్యాటక శాఖవారి 'హరేలీ' రిసార్టు ఉంది. హరేలీ అంటే ఛత్తీస్‌గఢీ రైతులు తమ లెక్కలో శ్రావణ అమావాస్యనాడు (మన లెక్కలో ఆషాఢ అమావాస్య) నాగలికి, పలుగుపారలకు పూజ చేసుకునే పండుగ. పేరు బాగుంది గానీ ఆ పండుగ రోజుల్లో అక్కడికి వెళ్దామంటే అడవి తలుపులు మూసి ఉంటాయి. వానాకాలం అంతా మూసి, నవంబరు నుంచి జూన్ వరకే తెరుస్తారు.

అభయారణ్యం బయట, మామూలు రిజర్వు ఫారెస్టులో వేసుకుంటామనేవాళ్ళూ ఉన్నారు. అక్కడ 1927 నాటి అటవీ చట్టం ఉంది. అనుమతి లేకుండా చొరబడటం, నిప్పు రాజేయడం రెండూ నేరాలే.

అపోహ: ఛత్తీస్‌గఢ్ అడవి అంటే నక్సలైట్లు.

మన పత్రికల్లో దశాబ్దాలుగా చదివిన వార్తల ప్రభావం ఇది. ఆ వార్తల్లో ఎక్కువ భాగం బస్తర్‌వి. రాయ్‌పూర్ నుంచి జగదల్‌పూర్ సుమారు మూడు వందల కిలోమీటర్లు, బార్‌నవాపారా ఆ దారిలోనే లేదు. అలాగని అంతటా ప్రశాంతమే అనను. దక్షిణంగా గరియాబంద్ జిల్లా అడవుల్లో 2025 జనవరిలో పెద్ద ఎదురుకాల్పులు జరిగాయి. ఏ అడవికి వెళ్తున్నారో ఆ అడవి సంగతి ఆ అటవీ కార్యాలయంలోనే అడగండి.

అపోహ: ఇది మనిషి చెయ్యి పడని ఆదిమ అడవి.

ఇక్కడ కాస్త నింపాదిగా కూర్చుందాం, ఎందుకంటే మిగతా అపోహలన్నిటికీ తల్లివేరు ఇదే. బార్, నవాపారా అనేవి రెండు ఊళ్ళు. అడవికి పేరిచ్చింది ఊళ్ళే. జీపు దిగి నాలుగడుగులు వేస్తే టేకు చెట్లు సైనికుల్లా వరసల్లో నిలబడి కనిపిస్తాయి. ఏ అడవీ తనంతట తాను వరస కట్టదు, అవి నాటించినవి. ఇప్ప, తునికి, నల్లమద్ది, వెదురు మధ్య గడ్డి మైదానంలో గెంతే కృష్ణజింకలు ఒకప్పుడు ఇక్కడ అంతరించిపోతే మళ్ళీ తెచ్చి వదిలినవి. రాష్ట్ర జంతువైన అడవిగేదెలను అస్సాంలోని మానస్ నుంచి 2020లో రెండు, 2023లో నాలుగు తెచ్చి ఇక్కడి ఆవరణలో పెట్టారు.

మరి మనుషులో? సెంట్రల్ ప్రావిన్సెస్ కాలంలో అటవీ శాఖకు కలప కొట్టడానికి, దారులు వేయడానికి, నిప్పు పాకకుండా అడ్డుపట్టీలు చెక్కడానికి కూలీలు కావలసి వచ్చారు. అందుకోసం అడవిలోనే కుటుంబాలను కూర్చోబెట్టి, దున్నుకోవడానికి కాస్త నేల ఇచ్చి, బదులుగా పని చేయించుకున్నారు. 'వనగ్రామాలు' అన్న మాట అలా పుట్టింది. ఇప్పుడు అడవి మనదని టెంటుతో వచ్చేవాడికి తన ఊరి దారి గైడుగా చూపిస్తున్న మనిషి ఆ కూలీల మనవడో మునిమనవడో కావచ్చు.

అపోహ: ఇక్కడ చరిత్ర అంటూ ఏమీ లేదు, జంతువులే.

2023 జనవరిలో రాయ్‌పూర్‌లో మనవాళ్ళు న్యూజిలాండ్‌ను 108 పరుగులకు కుప్పకూల్చిన వన్‌డే గుర్తుందా? ఆ స్టేడియం పేరు షహీద్ వీర్ నారాయణ్ సింగ్. ఆయన ఊరు సోనాఖాన్ ఈ అడవిని ఆనుకునే ఉంది. బింఝ్వార్ తెగకు చెందిన జమీందారు. 1856లో కరువు వచ్చి జనం ఆకలితో మాడుతుంటే కస్డోల్‌లో ఒక వ్యాపారి గాదెలో ధాన్యం మగ్గుతోంది. నారాయణ్ సింగ్ దాన్ని తెరిపించి పంచిపెట్టాడు. పైగా ఆ సంగతి తానే డిప్యూటీ కమిషనర్‌కు తెలియజేశాడని చెబుతారు. ఆ అక్టోబరులో పట్టుకుని రాయ్‌పూర్ జైల్లో పెట్టారు. 1857 ఆగస్టులో ఆయన తప్పించుకుని, సోనాఖాన్ చేరి, ఐదు వందల మందిని కూడగట్టాడు. స్మిత్ అనే అధికారి బలగంతో వచ్చి ఊరు తగలబెట్టాడు. ఊరివాళ్ళ ప్రాణాల కోసం నారాయణ్ సింగ్ లొంగిపోయాడు. అంతకు దాదాపు పదకొండేళ్ళ ముందు మన కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డికి పడిన ఉరి తెలిసినవారికి ఈ కథ కొత్తగా అనిపించదు.

నారాయణ్ సింగ్ గురించే ఇంకో రెండు అపోహలున్నాయి. ఆయన్ని ఫిరంగి నోటికి కట్టి పేల్చారన్నది మొదటిది. 1987లో తపాలా శాఖ వేసిన అరవై పైసల స్టాంపు మీద బొమ్మ కూడా అలాగే ఉంది కాబట్టి నమ్మినవాళ్ళను తప్పుపట్టలేం. ప్రభుత్వ రికార్డుల ప్రకారం ఆయనకు 1857 డిసెంబరు 10న రాయ్‌పూర్‌లో ఉరి వేశారు. ఆ చోటు నేటి జయస్తంభ్ చౌక్ అంటారు, మనం రోజూ ట్రాఫిక్‌లో విసుక్కుంటూ తిరిగే కూడలి. ఛత్తీస్‌గఢ్‌లో తెల్లవాళ్ళ మీద తిరగబడిన మొదటి మనిషి ఆయనే అన్నది రెండోది. బస్తర్ వైపు పరల్‌కోట్‌లో తిరగబడిన గేంద్ సింగ్‌ను అంతకు ముప్ఫై రెండేళ్ళ ముందే, 1825 జనవరిలో ఉరితీశారు. బిరుదు ఎవరికి దక్కాలన్న పంచాయితీ నాకు అనవసరం గానీ, గేంద్ సింగ్ పేరు మాత్రం మరుగున పడకూడదు.

అన్నట్టు, 'సోనాఖాన్ అంటే బంగారు గని, అదంతా ఉత్త పేరు' అని నవ్వేవాళ్ళకు ఒక మాట. పక్కనే ఉన్న బాఘ్‌మారా బంగారు క్షేత్రాన్ని 2016లో ప్రభుత్వం వేలం వేసింది. దేశంలో వేలానికి వచ్చిన మొదటి బంగారు గని అదే.

అపోహ: భయమంతా పులితోనే.

2024లో ఒక మగపులి ఎక్కడినుంచో వచ్చి నెలల తరబడి ఇక్కడ తిరిగిన మాట నిజం. నవంబరులో అది కస్డోల్ ఊళ్ళోకి వస్తే మత్తు సూదితో పట్టి ఉత్తరాన గురు ఘాసీదాస్ అడవికి తరలించారు. కానీ కాలినడకన వెళ్ళేవాడు జాగ్రత్తపడాల్సింది ఎలుగుతోను, ఒడిశా వైపు నుంచి వచ్చే ఏనుగులతోను. ఎలుగు ఎదురైతే చచ్చినట్టు ఊపిరి బిగపట్టి పడుకోవాలని చిన్నప్పుడు ఇద్దరు స్నేహితుల కథలో చదువుకున్నాం. ఆ కథలో ఎలుగు తినడానికి వస్తుంది. అసలు ఎలుగు మనిషిని తినడానికి మీద పడదు, హఠాత్తుగా దగ్గర్లో కనిపించాడన్న బెదురుతో పడుతుంది, ముఖాన్నీ తలనూ చీల్చేస్తుంది. అందుకే పొదల దారిలో మాట్లాడుకుంటూ నడవాలి. మీదపడితే బోర్లా పడుకుని మెడ వెనక చేతులు పెనవేసుకోవాలి. ఏనుగు విషయంలో దూరమే మందు. మంట చూసి అది వెనక్కి పోతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేరు.

అపోహ: టెంటు చుట్టూ ఉప్పో, గంధకమో, ఫినాయిలో చల్లితే పాములు రావు.

వస్తాయి. రాత్రిపూట నేల మీద పడుకున్నవాడిని కాటేసేది ఎక్కువగా కట్లపాము. దాని కాటుకు చాలాసార్లు నొప్పే తెలియదు, తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలిపోవడం. అడుగు కుట్టేసి ఉన్న టెంటైతే జిప్పు పూర్తిగా మూయాలి, మంచమైతే దోమతెర పరుపు కిందికి దోపుకోవాలి. కరిస్తే తాడు బిగించడం, కోసి పీల్చడం వద్దు. కదలకుండా ఆసుపత్రికి చేర్చడమే.

అపోహ: వేసవిలో కనిపించే కార్చిచ్చు ఎండ వల్ల దానంతట అదే పుడుతుంది.

మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలతాయి. ఎండుటాకుల్లో పూలు కనబడవు కనుక చెట్టు కింద ఆకులు కాల్చడం పాత అలవాటు, ఆ నిప్పు ఒక్కోసారి పాకిపోతుంది. ఆ పూలమ్ముకునే ఇంటికి ఏడాదికి దొరికే ఆదాయం ఆ పూలే. మన 'క్యాంపు ఫైరు'కు, ఆర్పకుండా విసిరిన సిగరెట్టుకు ఆ సాకు కూడా లేదు.

అపోహ: సిర్‌పూర్ లక్ష్మణ మందిరం రాముడి తమ్ముడిది.

దారిలో మహానది ఒడ్డున ఆగి చూసేవాళ్ళందరూ అనేది ఇదే. ఏడో శతాబ్దంలో ఇటుకలతో కట్టిన ఈ గుడి విష్ణువుది. కట్టించింది రాణి వాసట, చనిపోయిన భర్త హర్షగుప్తుడి జ్ఞాపకంగా, కొడుకు మహాశివగుప్త బాలార్జునుడి పాలనలో.

అక్కడి నుంచి తుర్‌తురియా వెళ్ళాం. వాల్మీకి ఆశ్రమం ఇదేనని స్థానికుల నమ్మకం. ఉత్తరప్రదేశ్‌లో బిఠూర్ కూడా అదే మాట అంటుంది. ఇక్కడి నేలలో బౌద్ధ అవశేషాలూ దొరికాయి. రాతి నోటి నుంచి జారే నీరు 'తుర్ తుర్' అంటుంది కాబట్టి ఊరికి ఆ పేరట. మా బావమరిది చెవి పెట్టి చాలాసేపు విని, "నాకైతే బుడబుడమంటోంది బావా" అన్నాడు. టెంటు సంచి మాత్రం జీపు డిక్కీలోంచి దిగలేదు.