జూకి, తలకోనకి వెళ్తున్నారా? కోతి గోటి గాటును తేలిగ్గా తీసుకోకండి

వేసవి సెలవులు రాగానే మన సంఘ కుటుంబాలు చాలామంది పిల్లల్ని తీసుకుని తిరుపతి శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాలకు, తలకోనకు బయలుదేరుతారు. సంతోషంగా వెళ్లిరండి. వెళ్లేముందు ఈ నాలుగు మాటలు చదవండి.

2024 ఫిబ్రవరి 15న ఆ జూలో ఒక సందర్శకుడు సింహం ఆవరణలోకి దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. కంచె ఇవతల నిలబడినవారికి సింహం వల్ల భయం లేదు. అడవి దారి సంగతి వేరు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపను చిరుత చంపింది. అలాంటి చోట్ల పిల్లల్ని ముందు పరుగెత్తనివ్వకండి. చేయి పట్టుకుని నడిపించండి, పొద్దు గూకకముందే తిరిగి రండి.

అయితే మేము ఎక్కువగా భయపడేది కోతి విషయంలో. పిల్లవాడి చేతిలో అరటిపండో చిప్స్ పొట్లమో చూసి లాక్కుంటుంది, గోరు గీరుకుంటుంది. పెద్దవాళ్లు నవ్వేసి కాస్త పసుపు అద్ది ఊరుకుంటారు. కుక్కకే కాదు, కోతికీ రేబిస్ రావచ్చు. ఆ జబ్బు లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. ముందు జాగ్రత్త పడితే మాత్రం రాకుండా ఆపవచ్చు.

కోతి కరిచినా గీరినా వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి మరీ కడగండి. సున్నం, కారప్పొడి, ఆకుపసరు పెట్టవద్దు. కట్టు కట్టవద్దు. అదే రోజు ఆసుపత్రికి రండి. బొడ్డు చుట్టూ 14 సూదులు వేసే కాలం ఎప్పుడో పోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు. చర్మంలో వేసే పద్ధతిలో మొదటి సూది తర్వాత 3, 7, 28 రోజులకు మళ్లీ రావాలి. రక్తం వచ్చిన గాయమైతే దాని చుట్టూ ఇంకో మందు కూడా వేయాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు కూడా వేయించుకోవచ్చు. పథ్యం అక్కర్లేదు. రెండు సూదులు కాగానే “బాగానే ఉన్నాడు కదా” అని మానేసేవారున్నారు, అది చాలా పొరపాటు. పెంపుడు కుక్కనైతే 10 రోజులు కనిపెట్టి చూడవచ్చు, అడవి కోతిని ఎక్కడ వెతుకుతాం?

తలకోన జలపాతం 270 అడుగుల ఎత్తు. దాని కింద బండలు పాచి పట్టి జారుతాయి, మడుగు లోతు పైకి తెలియదు. ఈత వచ్చినా లోపలికి దిగకండి. పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం వద్దు. కాలు కదలకుండా ఉంచి, మోసుకునైనా విషానికి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి చేర్చండి.

షుగరు ఉన్నవారు మాత్రలు, తిండి వెంట ఉంచుకోండి. తాగేనీళ్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి. సంచిలో ఒక సబ్బు బిళ్ల కూడా వేసుకోండి.