చక్రాల మీద మంచినీళ్ళు

కారు వెనక చిన్న క్యాంపింగ్ ట్రైలర్ తగిలించుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని పార్కులకు వెళ్ళే సరదా మన తెలుగు కుటుంబాల్లోనూ కనిపిస్తోంది. ఇడ్లీ పిండి ఐస్ బాక్సులో, ఆవకాయ సీసా డిక్కీలో సర్దుకోవడం మనవాళ్ళకి ఎవరూ నేర్పనక్కర్లేదు. చిక్కంతా నీళ్ళ దగ్గరే. చాలా చిన్న ట్రైలర్లలో పడక ఉంటుంది, స్టవ్ పెట్టుకునే బల్ల ఉంటుంది, కుళాయి మాత్రం ఉండదు.

దక్షిణ కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ నేషనల్ పార్కునే తీసుకోండి. బండరాళ్ళెక్కి ఆడుకోవడానికి, రాత్రిపూట చుక్కలు చూడటానికి పిల్లలకి భలే చోటు. కానీ అది ఎడారి. అక్కడి జంబో రాక్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో నీళ్ళు దొరకవు. ఎవరివి వాళ్ళే తెచ్చుకోవాలి. అలాంటి చోటికి వెళ్ళేవాళ్ళు ట్రైలర్‌లోనే ఒక ట్యాంకు, ఒక పంపు, ఒక కుళాయి అమర్చుకోవచ్చు. పనిముట్లు పట్టుకోవడం వచ్చినవాళ్ళకి ఇది కష్టమైన పనేమీ కాదు.

ఎన్ని నీళ్ళు కావాలి?

ఎడారిలో మనిషికి తాగడానికే రోజుకి కనీసం ఒక గాలను, అంటే దాదాపు నాలుగు లీటర్లు, ఉంచుకోవాలి. నలుగురున్న కుటుంబానికి రెండు రోజులకు 8 గాలన్లు. బియ్యం కడగడం, వంట, గిన్నెలు కలిపి రోజుకి 3 చొప్పున 6. పళ్ళు తోముకోవడానికి, మొహాలు, చేతులు కడుక్కోవడానికి రోజుకి 2 చొప్పున 4. మొత్తం 18. కాబట్టి 20 గాలన్ల ట్యాంకు సరిపోతుంది. అయినా ఒక 5 గాలన్ల డబ్బా కారులో విడిగా పెట్టుకోండి. ఏ గొట్టమో ఊడి ట్యాంకు ఖాళీ అయితే తాగే నీళ్ళకు కరువు రాకూడదు.

బరువు మాట మరవకండి

20 గాలన్లంటే 76 లీటర్లు. మన ఊరి బిందెలతో సుమారు ఐదు. బరువు 167 పౌండ్లు, అంటే ఇంకో పెద్దమనిషిని ట్రైలర్‌లో కూర్చోబెట్టినట్టే! ట్రైలర్ మీదున్న స్టిక్కర్‌లో గరిష్ఠ బరువు ఎంత రాశారో చూసి, నీళ్ళు, సామాను కలిపి అంతకు మించకుండా చూసుకోండి.

ట్యాంకుని ఇరుసుకి సరిగ్గా పైన, లేదా కాస్త ముందుగా, వీలైనంత కిందుగా పెట్టాలి. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కారు కొక్కెం మీద పడాలని నియమం. ట్యాంకుని వెనక్కి పెడితే ఆ భారం తగ్గి, ఫ్రీవే మీద ట్రైలర్ తోకలా ఊగుతుంది. ట్యాంకుని గట్టి పట్టీలతో ఫ్రేముకి బిగించండి. గొట్టాలే దాన్ని పట్టి ఉంచుతాయనుకోవద్దు. సగం నిండిన ట్యాంకులో నీళ్ళు అటూ ఇటూ కొట్టుకుంటాయి కనుక, నిండుగా గానీ ఖాళీగా గానీ ప్రయాణం చేయడం మేలు.

నాలుగు కన్నాలు

తాగునీటికి పనికొస్తుందని ఎన్.ఎస్.ఎఫ్. గుర్తు ఉన్న పాలిథిలీన్ ట్యాంకు కొనండి. ఈ ప్లాస్టిక్‌కి మామూలు జిగుర్లు అంటుకోవు. అందుకే గొట్టాల అమరికలు ముందే అతికించి ఉన్న ట్యాంకు తెప్పించుకోవడం తేలిక. నీళ్ళు పోయడానికి పైన ఒకటి, గాలికి పైన మరొకటి, పంపుకి అడుగున ఒకటి, పూర్తిగా ఖాళీ చేయడానికి అన్నిటికన్నా కింద ఒకటి, మొత్తం నాలుగు కన్నాలుండాలి.

గాలికి వేరే కన్నం ఎందుకు? నూనె డబ్బాకి అమ్మ రెండు కన్నాలు ఎందుకు పొడుస్తుందో గుర్తు తెచ్చుకోండి. నూనె బయటికి రావాలంటే గాలి లోపలికి పోవాలి. ట్యాంకులోనూ అంతే. ఆ గాలి గొట్టం చివర కిందికి వంచి, సన్నని జాలీ కడితే పురుగులు దూరవు. ట్యాంకు మీద ఎండ పడకుండా చూడండి. వెలుతురు తగిలితే పాచి పడుతుంది.

పంపు పని

12 వోల్టుల చిన్న డయాఫ్రం పంపు బ్యాటరీ మీద నడుస్తుంది. కుళాయి తిప్పగానే గొట్టంలో ఒత్తిడి తగ్గుతుంది, పంపు మొదలవుతుంది. కుళాయి కట్టేస్తే ఒత్తిడి పెరిగి ఆగిపోతుంది. పంపుకి ముందు జల్లెడ లాంటి స్ట్రెయినర్, దాని కరెంటు తీగకి తయారీదారు చెప్పిన ఫ్యూజు తప్పనిసరి. అన్ని కుళాయిలూ కట్టేసి ఉన్నా పంపు ఉండుండి టకటకమంటే ఎక్కడో కారుతోందని అర్థం. కరెంటు గొడవ వద్దనుకునేవాళ్ళు కాలితో తొక్కే పంపు పెట్టుకోవచ్చు. నీళ్ళ పొదుపుకి అదే మంచిది కూడా. బయల్దేరే ముందు ఇంటి దగ్గరే ట్యాంకు నింపి, అతుకుల కింద పాత పేపర్లు పరిచి, మర్నాడు తడిసాయేమో చూడండి.

శుభ్రం చేయడం

కొత్త ట్యాంకైనా, నెలల తరబడి వాడని ట్యాంకైనా ముందు శుద్ధి చేయాలి. వాసన కలపని మామూలు బ్లీచ్ 15 గాలన్లకు పావు కప్పు చొప్పున, అంటే 20 గాలన్లకు కప్పులో మూడో వంతు, బకెట్ నీళ్ళలో కలిపి ట్యాంకులో పోసి, మిగతాది మంచినీళ్ళతో నింపండి. బ్లీచ్ వాసన వచ్చేదాకా కుళాయి తిప్పి, రాత్రంతా ఉంచండి. తర్వాత అంతా వదిలేసి, వాసన పోయేదాకా మంచినీళ్ళతో కడగండి. ఇది పెద్దవాళ్ళే చేయాలి. బ్లీచ్‌లో వెనిగర్, అమ్మోనియా లాంటివేవీ కలపకూడదు. ట్యాంకు నింపడానికి తోట గొట్టం వాడకండి. తాగునీటికని విడిగా అమ్మే గొట్టం తీసుకోండి.

చలి మొదలయ్యేలోగా నీళ్ళన్నీ వదిలేయాలి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, పంపు పగులుతుంది. యాంటీఫ్రీజ్ పోయాల్సివస్తే ట్రైలర్ల కోసం అమ్మే గులాబీరంగు ప్రొపిలీన్ గ్లైకాల్ మాత్రమే పోయండి. కార్లలో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం. ఇక వాడిన నీళ్ళని నేల మీద పారబోయకుండా డబ్బాలో పట్టి, వాటికని కేటాయించిన చోటే పోయాలి.

పిల్లలూ, మీకో లెక్క!

అమెరికాలో కొత్త కుళాయిల్లోంచి నిమిషానికి 2.2 గాలన్లకు మించి రాకూడదని ఫెడరల్ నిబంధన ఉంది. అలాంటి కుళాయిని పూర్తిగా తిప్పి వదిలేస్తే మన 20 గాలన్లు ఎంతసేపు వస్తాయి? తొమ్మిది నిమిషాలు! కుళాయి కట్టకుండా రెండు నిమిషాలు పళ్ళు తోముకుంటే ఎన్ని పోతాయి? 4.4 గాలన్లు. అది నలుగురూ ఒక రోజంతా తాగే నీళ్ళకన్నా ఎక్కువ.

ఈసారి క్యాంపుకి వెళ్ళినప్పుడు నీళ్ళ పెత్తనం మీరే తీసుకోండి. పొద్దున, సాయంత్రం ట్యాంకులో ఎంత మిగిలిందో చూసి పుస్తకంలో రాయండి. నాన్న గిన్నెలు కడుగుతూ కుళాయి వదిలేస్తే గట్టిగా చెప్పండి. ఆ పుస్తకం పట్టుకుని మన ఊళ్ళో తాతయ్యకో అమ్మమ్మకో ఫోన్ చేసి, వాళ్ళ చిన్నప్పుడు ఇంటికి రోజుకి ఎన్ని బిందెలు తెచ్చేవాళ్ళో, ఎంత దూరం నుంచి మోసేవాళ్ళో అడగండి. మీ లెక్క పక్కనే ఆ లెక్క కూడా రాసుకోండి.