వేపచెట్టు – ఏది మందు? ఏది ముప్పు?

మన బందరు, గుడివాడ, దివిసీమ పల్లెల్లో వేపచెట్టు లేని వీధి ఉందా? పొద్దున్నే పందుంపుల్ల వేపదే. ఉగాది పచ్చడిలో పువ్వు వేపదే. పురుగు పట్టకుండా బియ్యం డబ్బాలో వేసే ఎండుటాకూ వేపదే. వేపనూనెతో పంటల బూజు తెగులు పోగొట్టే పద్ధతి తమదేనని 1994లో ఐరోపాలో కొందరు హక్కు పొందారు. అది మన రైతులకు ఎప్పటినుంచో తెలిసిందేనని మనవాళ్లు వాదించారు. 2000లో ఆ హక్కు రద్దయింది. వేప అంత విలువైనది మరి!

ఆటలమ్మ పోస్తే పక్కమీద వేపాకు పరుస్తాం. దురద కొంచెం తగ్గుతుంది. అంతవరకు మంచిదే. కానీ ఆటలమ్మ వైరస్ వల్ల వస్తుంది. ఆకు పరిస్తే అది చావదు. బిడ్డకు ఆయాసం వచ్చినా, మగతగా పడి ఉన్నా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

దివిసీమలో ఇంకో అలవాటు ఉంది. పాము కరిస్తే వేపాకు నమిలిస్తారు. చేదు తెలిస్తే విషం ఎక్కలేదంటారు. ఇది నమ్మకండి. ఒంట్లో విషం ఉన్నా చేదు తెలుస్తుంది. కట్లపాము కరిస్తే నొప్పి కూడా పెద్దగా ఉండదు. 2018 ఆగస్టులో అవనిగడ్డ వైపు ఎంతోమందిని పాములు కరిచాయి. అలాంటప్పుడు ఆకు నములుతూ కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే 108కి ఫోన్ చేయండి. పాము విషానికి విరుగుడు ఇంజెక్షనే.

కొండవేప అని ఇంకో చెట్టు ఉంది. దాని పువ్వు లేత ఊదా రంగు. కాయలు పసుపు పచ్చగా గుత్తులుగా వేలాడతాయి. ఆ కాయలు విషం. పిల్లలను తిననివ్వకండి.

గర్భిణులు వేపాకు రసం గానీ, వేపనూనె గానీ తాగకూడదు. గర్భానికి ప్రమాదం. షుగరు బిళ్లలు వేసుకునేవాళ్లు రోజూ వేపరసం తాగితే షుగరు మరీ పడిపోవచ్చు. చారులో వేసే గుప్పెడు పువ్వుకు మాత్రం భయం లేదు.

అసలు భయపడాల్సింది నూనెకే. పురుగులను చంపే గుణం ఆకులో కంటే గింజలో ఎక్కువ. ఆ గింజ నుంచి తీసిందే నూనె. “కడుపులో నులిపురుగులు పోతాయి, జలుబు తగ్గుతుంది, పట్టవే” అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. ప్రేమతోనే అంటారు. మనం ఉగ్గుగిన్నెతో పసిబిడ్డకు పడతాం. ఒక్క చెంచా నూనె చాలు. కొన్ని గంటల్లోనే వాంతులు మొదలవుతాయి. బిడ్డ మగతలోకి జారుకుంటుంది. ఊపిరి వేగంగా తీస్తుంది. ఫిట్స్ వస్తాయి. లివరు, మెదడు దెబ్బతింటాయి. ఇలా చనిపోయిన బిడ్డలు మన దేశంలోనూ ఉన్నారు, మలేషియాలోనూ ఉన్నారు.

నులిపురుగులకు అంగన్‌వాడీలో, బడిలో మాత్ర ఉచితంగా ఇస్తారు. ఏడాది నిండిన పిల్లలకు అది వేయించండి.

పేలకు తెచ్చిన వేపనూనె సీసాను పిల్లలకు అందకుండా అటక మీద పెట్టండి. ఎప్పుడైనా బిడ్డ తాగేస్తే గొంతులో వేలు పెట్టి కక్కించకండి. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే ఆస్పత్రికి పరిగెత్తండి. సీసా కూడా వెంట తీసుకెళ్లండి. ఏం తాగిందో, ఎంత తాగిందో డాక్టరుకు తెలియాలి.