గచ్చు గట్టిపడు విధము

తాపీ పనివాడు తడిసున్నమును, ఇసుకను నీటితో కలిపి గచ్చు సిద్ధపరచును. ఇది మిశ్రమము. ఇసుక రెండు పాళ్లు వేసినను, మూడు పాళ్లు వేసినను గచ్చు గచ్చే. ఆనాడే దానిని నీట కడిగినచో సున్నము కొట్టుకొనిపోయి ఇసుక అడుగున మిగులును.

ఆ సున్నము పుట్టుక వేరు. పల్నాటిలోని పిడుగురాళ్ల ప్రాంతమున సున్నపురాతిని బట్టీలలో కాల్చుదురు. సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో 100 కిలోల స్వచ్ఛమైన రాయి 56 కిలోల పొడిసున్నమగును. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువై వెడలిపోవును. ఎవరు కాల్చినను ఈ లెక్క మారదు. సున్నపురాయి సమ్మేళనమగుటయే ఇందుకు కారణము. పొడిసున్నముపై నీరు పోసినచో బుసబుస పొంగి, పాత్ర ముట్టరానంత వేడెక్కి, తడిసున్నమను మరియొక సమ్మేళనమగును. అది కంట బడినచో చూపునకే ముప్పు. బాలురు దరి చేరరాదు.

అసలు వింత గోడలో జరుగును. నీరు ఆరుటచేతనే గచ్చు గట్టిపడునని పలువురి తలంపు. అది సరికాదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి తడిసున్నము మరల సున్నపురాయి యగును. ఈ మార్పునకు కొంత తేమ కావలెను; గచ్చు త్వరగా ఎండిపోకుండ నీరు చల్లుట అందులకే. లోపలి పొరలు మారుటకు ఏండ్లు పట్టును. ఇసుక మాత్రము ఏ మార్పును పొందక ఆ రాతి నడుమ చిక్కుకొనియుండును.

1591లో కట్టిన చార్మినారు రాళ్లను పట్టియుంచినది సున్నపు గచ్చే. కేవలము ఎండిన మట్టిగోడ వానకు మరల బురదయగును. రాయిగా మారిన గచ్చును ఎంత కడిగినను ఇసుక విడివడి రాదు.