మా తాత గడియారానికి రోజూ చావి ఎందుకు ఇయ్యాలె



పొద్దున గంట కొట్టకముందే నేను లేచి గడియారానికి చావి ఇస్తుంటే మా రూములో పిల్లలు నవ్వుతరు. "సెల్లు గడియారం కొనుక్కోరాదే, ఈ బాధ ఎందుకు" అంటరు. ఒక్కొక్కరికి చెప్పలేక గోడపత్రికకు రాస్తున్నాను.

ఇది హెచ్.ఎం.టి. జనత గడియారం. హెచ్.ఎం.టి. అనేది ప్రభుత్వ కంపెనీ. జపాన్ దేశపు సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో చేతి గడియారాలు చెయ్యడం మొదలుపెట్టింది. ఆ గడియారాల కంపెనీని మూసెయ్యాలని 2016లో ప్రభుత్వం నిర్ణయించింది. మన జగిత్యాల జిల్లా అయింది కూడా 2016లోనే. అది వేరే సంగతి.

మాది గోదావరి దిక్కు నాయకపోడ్ గూడెం. మా తాత తునికాకు పైసలతో దీన్ని కొన్నడు. 50 ఆకులు పెడితే ఒక కట్ట. అట్లాంటి కట్టలు ఎండల ఎన్ని కట్టిండో లెక్క లేదు. తాతకు అంకెలు రావు. కానీ పెద్దముల్లు కిందికి, చిన్నముల్లు పక్కకు అని ముండ్లను చూసి బస్సు యాల్ల చెప్పేటోడు. నర్సమ్మ ఎవరికన్నా మందుబిల్లలు ఇచ్చి ఎనిమిది గంటలకొకటి ఎయ్యిమంటే, వాళ్లు అర్ధరాత్రి కూడా మా తలుపు కొట్టేటోళ్లట. గూడెంలో అప్పుడు ఇదొక్కటే గడియారం. దాని మీద 17 జ్యువెల్స్ అని రాసి ఉంటది. ఒక సారు చదివి, జ్యువెల్స్ అంటే రత్నాలని చెప్పిండట. ఇగ తాత "నా చేతికి పదిహేడు రత్నాలున్నయి" అని ఊరంతా చెప్పుకున్నడు.

రత్నాలు ఉన్న మాట నిజమే, కానీ అమ్మితే ఏం రావు. అవి కొలిమిలో తయారుచేసిన చిన్న కెంపులు. గడియారంలో చక్రాల ఇరుసులు ఇనుము మీద తిరిగితే అరిగిపోతయి. గట్టి రాయికి రంధ్రం చేసి అందులో తిప్పితే, చుక్క నూనెతో ఏండ్లకేండ్లు అరగవు. అందుకే పెడతరు.

ఇప్పుడు చావి సంగతి. లోపల డబ్బాలో చుట్టగా చుట్టిన ఉక్కు పట్టీ ఉంటది. చావి తిప్పితే అది ఇంకా బిగుసుకుంటది. మన తొమ్మిదో తరగతి 'పని, శక్తి' పాఠంలో స్థితిశక్తి చదివినం కదా, అదే ఇది. వదిలేస్తే పట్టీ ఒక్కసారే గిర్రున విప్పుకుంటది. అట్ల కాకుండా పంగకర్ర లాంటి చిన్న ముక్క చక్రాన్ని ఆపి, ఒక్కొక్క పన్నునే వదులుతది. ఆ పంగను ఆడించేది ఇటు అటు ఊగే ఇంకో చక్రం. దానికి వెంట్రుక లాంటి స్ప్రింగు ఉంటది. మనకు వినపడే టిక్కు టిక్కు అంటే పన్ను పంగకు తగిలే చప్పుడే. సెకనుకు 5 సార్లు, రోజుకు 4,32,000 సార్లు. రోజంతా నడిస్తే పట్టీ వదులైతది. రేపు మళ్లా ఎవరో ఒకరు తిప్పాలె. మనిషి మర్చిపోతే గడియారం ఆగిపోతది.

మా బాపు దుబాయి పోయిన రోజు, బస్సు దగ్గర తాత దీన్ని విప్పి బాపు చేతికి పెట్టిండు. దుబాయిలో టైము మనకంటే గంటన్నర వెనుక. బాపు ముండ్లను మార్చలేదు. పనికి పోవాలంటే గంటన్నర తీసేసి లెక్క చేసుకునేటోడు. "అట్లుంటే మీరు అన్నం తింటున్నరా, పండుకున్నరా అని తెలిసేది" అంటడు. తాత పోయిండని ఫోన్ చేస్తే, ముందుగాల గడియారమే చూసిండట. పొద్దున ఆరున్నర. అక్కడ ఇంకా ఐదే. సాయంత్రానికల్లా మట్టి చేసేస్తరు, తాను అందడు అని అప్పుడే తెలిసిపోయింది. ఆ రోజు చావి ఇయ్యడం మర్చిపోయిండు. తెల్లారి చూస్తే గడియారం ఆగి ఉంది.

బాపు తిరిగి వచ్చినంక ఒకరోజు అది మక్కచేన్ల మంచె మీదికెళ్లి కింద పడ్డది. ఇగ నడువలేదు. సందుగలో పాత పాస్‌పోర్టు పక్కన ఉండిపోయింది. పోయిన దసరా సెలవుల్లో నేను పట్టుబడితే జగిత్యాల టవర్ దగ్గర బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకపోయినం. ఆయన మూత తీసి కంటికి భూతద్దం పెట్టుకొని చూసి, ఊగే చక్రం ఇరుసు కొస విరిగిందన్నడు. ఆ కొస వెంట్రుకంత సన్నం. "లోపలిది తీసేసి సెల్లు మిషన్ ఏస్తా, 150 రూపాయలు. టైము కూడా మంచిగ చూపెడుతది" అన్నడు. అది అబద్ధం కాదు. సెల్లు గడియారంలో స్ఫటికపు ముక్క సెకనుకు 32,768 సార్లు కంపిస్తది, ఇది దానికి సాటి రాదు. బాపు సరే అనబోయిండు. నేనే వద్దన్న. పైన డబ్బా మాత్రమే తాతది, లోపల ఇంకేదో ఉంటే అది తాత గడియారం ఎట్లయితది?

అయితే నా మాటలో కూడా ఒక తిరకాసు ఉంది. ఆయన సామాను డబ్బాలో వెతికి, చెడిపోయిన ఇంకో జనతలోంచి ఇరుసు తీసి దీనికి పెట్టిండు. 400 తీసుకున్నడు. ఆ ఇరుసు ఎవరి తాతదో.

హాస్టల్‌లో ఫోన్లు ఉండయి కాబట్టి బాపు దీన్ని నాకు ఇచ్చిండు. ఇప్పుడు రోజుకు నాలుగు నిమిషాలు వెనుక పడుతది. ప్రార్థన గంటకు సరిచేసుకుంటున్న.

మా నాయనమ్మ మాత్రం ఒప్పుకోలేదు. తాత నుంచి కొడుక్కు వచ్చింది, కొడుకు నుంచి మనుమనికి పోవాలె, ఆడపిల్ల పెండ్లయితే ఇంకో ఇంటికి తీసుకపోతది అంటది. తమ్ముడు ఆరో తరగతి. వానికి సెల్‌ఫోన్ ఆటలు కావాలె గాని గడియారం అక్కరలేదు. "వాడు పెద్దగయ్యేదాక నీ దగ్గర ఉండనియ్యి బిడ్డా" అన్నది నాయనమ్మ. నేను ఇంకా ఏం చెప్పలేదు. సెలవులకు ఇంటికి పోతే ముందుగాల నా చెయ్యి పట్టుకొని, గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుంటది. ఆమెకు కండ్లు సరిగ కనపడవు. చాలాసేపు అట్లనే వింటది. నేను చెయ్యి గుంజుకోను.

– 9వ తరగతి విద్యార్థిని