మీకు తెలుసా? వేటకు రిటైర్మెంటు తేదీ లేదు

ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక పింఛను మామూలుగా 60 ఏళ్లకు వస్తుంది, మత్స్యకారులకు మాత్రం 50కే. 2024 నుంచి నెలకు రూ.4,000. అయినా ఇందుకూరుపేట మండలం మైపాడు ఒడ్డున పింఛను అందుకునే పెద్దాయన పడవెక్కడం మానతాడు గానీ, ఇసుకలో కూర్చుని వల చిరుగులు కుట్టడం మానడు. ఆయన పని సన్నగిల్లుతుందే తప్ప ఒక్కరోజుతో ఆగిపోదు.

అదే మండలంలో బడిపంతులుకైతే తేదీ ముందే ఖరారు. ఆ తేదీ కూడా ఎన్ని మలుపులు తిరిగిందో! 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం రిటైర్మెంటు వయసును 58 నుంచి 55కు దించింది. వేలమంది ఉద్యోగులు ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. తర్వాత మళ్లీ 58, 2014లో 60, 2022 నుంచి 62.

అమెరికా సామాజికవేత్త రాబర్ట్ ఆచ్లీ 1970లలోనే రిటైర్మెంటును దశలుగా విడదీశాడు: మొదట పండగ రోజులు, ఆపైన నిరుత్సాహం, ఆ తర్వాత కుదురుకోవడం. ఇష్టపడి దిగిపోయినవారి కంటే బలవంతాన దిగినవారిలో తృప్తి తక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. డబ్బు, ఆరోగ్యం సరే. సన్మానపు శాలువా బీరువాలోకి చేరాక పొద్దున పదింటికి ఎక్కడికెళ్లాలి? పింఛనుదారుల సంఘం గదిలో డీఏ బకాయిల చర్చ ఓ పట్టాన తెమలకపోవడానికి, నా లెక్కలో, కారణం ఇదే.